నీళ్ళు నిలవనివ్వని బర్నబాస్

నిలవున్న నీళ్ళు కంటబడితే మా బర్నబాస్ బాబాయి చెయ్యి ఊరుకోదు. అవి ఎవరివి, ఎందుకు పెట్టుకున్నారు అని అడగడు, ఒలకబోసేస్తాడు. రేపల్లెలో మలేరియా డిపార్ట్‌మెంటులో పని. ఆ ఉద్యోగం వల్ల ఈ బుద్ధి వచ్చిందో, ఈ బుద్ధి చూసే ఆ ఉద్యోగం ఇచ్చారో ప్రభువుకే తెలియాలి.

బాపట్లలో మా తమ్ముడు చిట్టిబాబు పెళ్ళి. అయ్యగారు ప్రార్థన చేద్దామనగానే చర్చంతా కళ్ళు మూసుకుంది, బాబాయి తప్ప. ఆమెన్ అని తెరిచేసరికి పూలకుండీలో పూలున్నాయి, నీళ్ళు లేవు. కిటికీ అవతల పెళ్ళికూతురి మేనమామ తల తుడుచుకుంటున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"పురుగులాడుతున్నాయే శోభా! పెళ్ళికొచ్చినవాళ్ళు జ్వరాలు పట్టుకుని ఇళ్ళకి పోవాలా?"

అడవులదీవిలో ఇంకా ఘోరం. చేపల పడవ నాంచారయ్య ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్ళు పట్టి దాచుకున్న డ్రమ్ముని బాబాయి పడదోశాడు. నాంచారయ్య తెడ్డు తీసుకుని తరిమాడు. "తాగే నీళ్ళయ్యా బాబూ! మళ్ళీ ట్యాంకరు నువ్వు తోలిస్తావా?" ఆ మాట బాగా తగిలినట్టుంది. మర్నాడు మా పిన్ని చీరలు చింపుకెళ్ళి, ఆ వీధి డ్రమ్ములన్నిటికీ వాసెన కట్టొచ్చాడు. పిన్ని మాత్రం ఈ రోజుకీ ఆ చీరల పేర్లు చెప్పి తిడుతూనే ఉంటుంది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. మా రేపల్లె సమాధుల తోట సంగతి అలా కాదు, తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

నా టిఫిన్ కొట్టు సరిగ్గా ఆ తోట గేటుకి ఎదురుగా. సమాధుల పండక్కి అందరూ వచ్చి సున్నాలు కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, సీసాల్లో నీళ్ళుపోసి బంతిపూలు పెట్టి వెళ్ళిపోతారు. మళ్ళీ ఏడాది దాకా రారు. సీసాలు మాత్రం అక్కడే ఉంటాయి. ఈసారి పండగ వెనకాలే వాన పట్టుకుంది, వాన వెనకాల మా వీధికి డెంగీ వచ్చింది. పక్కింటి బెన్నీ కూతురు జెన్నిఫర్‌ని ప్లేట్‌లెట్లు పడిపోయాయని తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఇక రోజూ దీపాలు పెట్టే వేళకి బాబాయి పొగమిషను భుజాన వేసుకుని తోటలోకి పోయేవాడు. తెల్లటి పొగ సమాధుల మధ్య నేలబారుగా పాకి, గేటు కిందనుంచి రోడ్డు మీదకొచ్చేది. మనిషి కనపడేవాడు కాదు. గొంతు మాత్రం వినపడేది.

"లూకా అన్నయ్యా, తలకాడ సీసా తీస్తున్నా, ఏమనుకోకు... ఏం ఫ్రాన్సిస్ మేస్టారూ, బతికున్నన్నాళ్ళూ శుభ్రం శుభ్రం అని మమ్మల్ని చావగొట్టారు, మీ దగ్గర ఇదేంటండీ?"

బజ్జీలు తింటున్నవాళ్ళు సగంలో లేచి చెయ్యి కడుక్కునేవాళ్ళు. నా సాయంత్రం బేరం మట్టికొట్టుకుపోయింది.

దానికి తోడు సుజన గ్లాసొకటి. సుజన మా రూతత్తకి ఒక్కగానొక్క కూతురు. ఆస్పత్రిలో జ్వరంతో మంచినీళ్ళడిగితే అత్త తేవడానికి కిందికెళ్ళింది. గ్లాసుతో పైకొచ్చేసరికి పిల్ల లేదు. అప్పట్నుంచీ ప్రతి సాయంత్రం కూతురి సమాధి పక్కన గ్లాసుడు మంచినీళ్ళు పెట్టి వస్తుంది. తెల్లారి చూస్తే గ్లాసు ఖాళీ.

బాబాయే పారబోస్తుంటాడులే అనుకున్నాం. కానీ వానలు వెలిశాక ఒకరోజు అత్త నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గ్లాసు చుట్టూ మట్టిని వేలితో నొక్కి చూపించింది.

"చూడవే, చుక్క తడి లేదు. పారబోస్తే తడవదా? కుక్క తాగితే గ్లాసు దొర్లదా? నా బిడ్డ తాగుతోందే శోభా."

ఆవిడ మొహంలో ఎంత వెలుగుందో! నేనేమో చెయ్యి విడిపించుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

ఇంతలో కొత్త సూపర్‌వైజరు కోటేశ్వరరావు గారు వచ్చి తోటంతా తిరిగి చూసి, నా కొట్టు దగ్గర ఆగారు. "బర్నబాస్, లోపల నీళ్ళున్న వస్తువు ఒక్కటి ఉండకూడదు. ఆ గ్లాసుతో సహా."

"అన్నీ తీసేశాను సార్. ఆ గ్లాసొక్కటీ వదిలెయ్యండి."

కాఫీ పోస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. నీళ్ళ గ్లాసు వదిలెయ్యమని బర్నబాస్ బాబాయి అడగడమా!

"వదిలేస్తే ఎలాగయ్యా? అక్కడ డెంగీతో ఒక పిల్ల ఆస్పత్రిలో ఉంది. తల్లి పెట్టిన నీళ్ళు కదా అని దోమ ఊరుకుంటుందా?"

"అందులో దోమ పుట్టదు సార్. పూచీ నాది."

"ఎలా?"

బాబాయి పొగమిషను మూత విప్పి మళ్ళీ బిగించాడు.

"రేపు పొద్దున్నే మళ్ళీ వస్తాను. అది అక్కడుండకూడదు," అని వెళ్ళిపోయారాయన. ఆయనన్నదీ తప్పు కాదు. కానీ ఆ గ్లాసు తీసేస్తే రూతత్త ఏమైపోతుంది?

ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొగలోకి నడిచాను. కాస్త దూరం వెళ్ళానో లేదో వెనక్కి చూస్తే గేటు లేదు. మిషను చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు వినపడింది. ఎవరో నీళ్ళు తాగుతున్నారు. గుటక. గుటక. గుటక.

పొగ కాస్త విడింది. సుజన సమాధి పక్కన తలకి తెల్లతువ్వాలు చుట్టుకున్న ఆకారమొకటి కూర్చుని, గ్లాసెత్తి తాగుతోంది. కెవ్వున అరిచాను. ఆ ఆకారం నాకంటే గట్టిగా అరిచింది.

"నువ్వా శోభా! చంపేశావు గదే!"

"సమాధి మీద నీళ్ళు తాగడమేంటి బాబాయ్! ఊరందరివీ ఒలకబోస్తావు గదా, ఇవీ ఒలకబొయ్యలేకపోయావా?"

"ఒలకబోస్తే మట్టి తడుస్తుందే. అక్క చూస్తుంది." బాబాయి మీసాలు తుడుచుకున్నాడు. "పిల్ల దాహం తీరుతోందనుకుంటోంది పాపం. దోమా పుట్టకూడదు, అక్కా ఏడవకూడదు. ఇంకేం చెయ్యను? తాగేస్తున్నా."

ఆ మనిషిని తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక ఏడుస్తూ నవ్వాను.

"మరి రేపు?"

"నువ్వే అక్కకేదో ఒకటి చెప్పు తల్లీ. నావల్ల కాదు."

తెల్లారగానే రూతత్త ఇంటికి పోయాను. "అత్తా, ఆ గ్లాసు..." అని నసుగుతుంటే ఆవిడ నా వంక అదోలా చూసింది.

"బర్నబాసు తాగుతున్నాడని చెప్పడానికొచ్చావా?"

"నీకు తెలుసా!"

"మొదట్లో నా బిడ్డే అనుకున్నా. మొన్నోరోజు గ్లాసు అంచుకి మీసం వెంట్రుక అంటుకునుంది. నా కూతురికి మీసాలెక్కడివే?" అత్త ఫక్కున నవ్వింది. "ముందు ఏడుపొచ్చిందిలే. తర్వాత ఆలోచించాను. ఊరందరి నీళ్ళూ పారబోసేవాడు నా బిడ్డ నీళ్ళు చుక్క కూడా నేల పడనివ్వలేదు. అప్పట్నుంచీ వాడికోసమే పెడుతున్నా. నువ్వు మాత్రం వాడికి చెప్పొద్దు, సిగ్గుపడి మానేస్తాడు."

కోటేశ్వరరావు గారు రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"రోజూ తాగే మనిషున్నాక అది నిలవ నీరెలా అవుతుందమ్మా? ఉండనివ్వండి," అన్నారు.

జెన్నిఫర్ కూడా కోలుకుని ఇంటికొచ్చేసింది. వీధిలో జ్వరాలు తగ్గాయి, నా బజ్జీలు మళ్ళీ అమ్ముడుపోతున్నాయి.

నిన్న బాబాయి కొట్టుకొచ్చి, అటూ ఇటూ చూసి, నా చెవిలో అన్నాడు. "శోభా, సుజన దగ్గర నీళ్ళు ఈ మధ్య పుల్లగా, కొంచెం ఉప్పగా ఉంటున్నాయే. భూమిలోంచి ఏదన్నా కలుస్తోందేమో. తెనాలి పంపించి పరీక్ష చేయిస్తే?"

"పరీక్షలేం వద్దు, నోరుమూసుకుని తాగు బాబాయ్!" అన్నాను.

ఆయన వెనకాలే, పక్క కొట్టులో, రూతత్త నిమ్మకాయలు బేరమాడుతోంది.