ఫిరంగి మీద చారల చెడ్డీ

ఆ రోజుల్లో సూరత్‌లో నా ఈడు కుర్రాళ్ళు జీతం చేతిలో పడగానే బైకుల షోరూముల చుట్టూ తిరిగేవారు. నేను మాత్రం ట్యాంకుల పిచ్చిలో పడ్డాను (నీళ్ళవి కావు, యుద్ధంలో వాడేవి). పాండేసరలో ఒక చీరల మిల్లులో కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నా ఉద్యోగం. పనిరోజుల్లో చీరల మీద పువ్వులు పూయించేవాణ్ణి, సెలవు రోజున వడోద్‌లోని మా ఇంట్లో కూర్చుని అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ట్యాంకుకు రంగులతో తుప్పు పట్టించేవాణ్ణి. కొత్త బొమ్మను కొని, ఇంత కష్టపడి పాతదానిలా ఎందుకు చేస్తున్నానో మా అమ్మకు ఎన్నడూ అంతుపట్టలేదు.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఊళ్ళో ఒక పోటీ పెట్టారు, ఎవరి బొమ్మ అచ్చం అసలుదానిలా ఉంటే వాళ్ళకే బహుమతి. నేను డెబ్బై ఒకటి యుద్ధంలో మన సైన్యం నడిపిన ట్యాంకును ఎంచుకున్నాను. బొమ్మ అమ్మిన డబ్బా మీది రంగుల చిత్రాన్ని నేను నమ్మలేదు. ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పత్రికల్లోంచి ఆ ట్యాంకు నలుపు తెలుపు ఫోటోలు ఏరి, మిల్లు కంప్యూటర్‌లో పెద్దవి చేసి (సేఠ్ టీ తాగడానికి వెళ్ళినప్పుడు) ఒక్కో అంగుళం చూశాను. బురద రేకుకు సొట్ట ఉంటే నేనూ సొట్ట పెట్టాను. వెనక బకెట్ వేలాడుతుంటే నేనూ వేలాడదీశాను. జోల్వాలో మగ్గాల మీద పనిచేసే నాన్న తెచ్చిన నూలు పేని, నల్లరంగు వేస్తే ఇనుప తాడు తయారైంది. అప్పుడు కనిపించింది ఆ ఫోటో. యుద్ధం ఆగిన పూట కాబోలు, ఫిరంగి గొట్టం మీద ఒక బనియన్, పక్కన చారల చెడ్డీ ఆరేసి ఉన్నాయి. నాకు నిధి దొరికినట్టయింది. పల్చటి కాగితాన్ని గోరంత చెడ్డీగా కత్తిరించి, ఊపిరి బిగబట్టి చారలు గీసి, ఫిరంగి మీద ఆరేశాను.

అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "ఏంది బిడ్డా, నలుగురు చూసే కాడ చెడ్డీ ఆరేస్తవా?" అంది. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఇంకో మాట కలిపాడు: "వీళ్ళు జంగ్‌కు పోయిండ్రా బామ్మర్ది, చెరువు కాడ బట్టలుతక పోయిండ్రా?" అంతటితో ఆగక, నా పరువు పోవడం కళ్ళారా చూడాలని పోటీకి కూడా వెంట వచ్చాడు.

హాల్లో ట్యాంకులన్నీ పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. నాదొక్కటే నెలరోజులుగా స్నానం లేనట్టుంది. మీసాల జడ్జి (మేం చాటుగా 'జనరల్ సాబ్' అనుకునేవాళ్ళం) నా బల్ల దగ్గర ఆగి, కళ్ళు చికిలించి, సైన్యాన్ని ఎగతాళి చేస్తున్నావా అని హిందీలో గద్దించాడు. ఆ గుడ్డ తీసేయి, లేదంటే ట్యాంకును బల్ల మీంచి తీసేయి అన్నాడు. చుట్టూ జనం మూగారు. నేను సంచిలోంచి ఆ పాత ఫోటో తీశాను. "సార్, ఇది నేను ఆరేసింది కాదు, వాళ్ళు ఆరేసుకున్నది" అంటూ ఫోటో ఆయన ముందు పెట్టాను. మిల్లులో బట్ట పోగులు లెక్కపెట్టే భూతద్దం కూడా జేబులోంచి తీసిచ్చాను. ఆయన ఒకసారి ఫోటో మీదికి, ఒకసారి ఫిరంగి మీదికి వంగాడు. సొట్ట చూశాడు. బకెట్ చూశాడు. చెడ్డీని చాలాసేపు చూశాడు. చివరికి మీసాల కింద నవ్వు దాచుకోలేక, "చారలు కూడా సరిపోయాయి" అన్నాడు. మొదటి బహుమతి నాకే వచ్చింది. కప్పు నేను ముట్టుకునేలోపే బావ అందుకుని, ఆ చెడ్డీ ఆలోచన మా ఇంటిదేనని ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ట్యాంకును ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి, లడాయిలో కూడా బట్టలు ఉతుక్కునేవారా అని అడిగాడు. పాపం, అడగకుండా ఉండాల్సింది. నేను ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి ఫిరంగి దాకా వివరించేసరికి మా గల్లీ ఎప్పుడో దాటిపోయింది. పక్కన కప్పు పట్టుకున్న బావ కూడా చూసుకోలేదు. ఇప్పుడు కళ్ళద్దాలు లేకుండా సన్నటి చార గీయలేను, బండి ఎక్కితే దిగే చోటు ముందే చూసుకుని కూర్చుంటాను. అయినా సొంత ఇల్లు దాటిపోయినా తెలియనంత గెలుపు గెలిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, రవ్వంత అసూయ కూడా.