రాఘవ బండికి కుడివైపు చిలక

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ నాలుగేళ్ళలో దెయ్యాల మీద ఒక్క పేపరూ లేదు. ఉంటే అది కూడా నాకు బ్యాక్‌లాగ్ అయ్యేదేమో. ఇల్లు అద్దెకు వెతుకుతున్నప్పుడు ఒకాయన "ఆ ఇంట్లో ఎవరో తిరుగుతుంటారండీ" అని హెచ్చరిస్తే, అద్దె ఏమైనా తగ్గిస్తారా అని అడిగిన మనిషిని. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దెయ్యం లేదు. ఉండి ఉంటే నా పని తేలికయ్యేది.

రాఘవ, నేను కాలేజీ స్నేహితులం. చదువయ్యాక నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరి గవర్నర్‌పేటలో అద్దెకు దిగాను. వాడు చల్లపల్లిలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. మా ఇద్దరికీ ఉన్న చెడ్డ అలవాటు ఒక్కటే, బండి అలంకారం. బజార్లో దొరికే స్టిక్కర్లు మాకు ఆనేవి కావు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క తెచ్చుకుని సైడ్ ప్యానెళ్ళు, మడ్‌గార్డు మీదికి గుర్రం తలలు సొంతంగా చెక్కుకునేవాళ్ళం. చూసినవాళ్ళు "బావుందండీ" అనేవారు. ఆ వెంటనే మైలేజీ ఎంతిస్తుందని అడిగేవారు.

మాకు పని నేర్పింది కొండపల్లిలో ఒక పెద్దాయన. చెక్కను సన్నటి సెగ మీద ఆరబెట్టి తడి పోగొట్టాలి. ఒక్కో భాగాన్నీ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాలి. మేకు కనిపిస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

"మేకులు కొట్టుకునేదానికి నా దగ్గరికెందుకు బాబూ? వడ్రంగి షెడ్డు పక్క వీధిలోనే ఉందిగా" అనేవారు.

ఆయన చేసే బొమ్మలు అద్దాల బీరువాలో కూర్చుంటాయి. మావి గోతుల రోడ్డు మీద తిరగాలి. ఆ తేడా ఆయనకు చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

రెండేళ్ళ కిందట వానల్లో రాఘవ బండి కాలవ గట్టు మీద జారి నీళ్ళలో పడింది. వాడు ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. అంతకు మించి ఉండలేకపోయాడు.

బండిని బయటికి తీస్తే ఎడమవైపు ప్యానెల్ ఉంది, కుడివైపుది లేదు. ఆ కుడివైపుది వాడు ఆ రోజే పొద్దున బిగించాడు. "బిగించేశాను, వచ్చి చూడు" అని నాకు మెసేజి పెట్టాడు, ఫొటో పెట్టలేదు. ఏది చెక్కినా కొట్టు వెనక గదిలో తలుపేసుకుని చెక్కడం, పూర్తయి బండికి ఎక్కేదాకా ఎవరికీ చూపించకపోవడం వాడి పద్ధతి. వాడి భార్య సుజాత టీచరు. వాడు బిగించే సమయానికి ఆమె స్కూలుకు వెళ్ళిపోయింది. ఆఫీసులో ఆడిట్ ఉందని నేనూ వెళ్ళలేదు. అంటే ఆ ప్యానెల్‌ను మాలో ఎవరమూ చూడలేదు.

ఏడాది తిరక్కుండానే రాఘవ అన్నగారు బండి అమ్మేద్దామన్నారు. మనిషిని మింగిన బండి గుమ్మం ముందు ఉండకూడదని ఆయన పట్టుదల. అది నేర్చుకుని దాని మీదే స్కూలుకు వెళతానని సుజాత పట్టుదల. చాలాకాలం వాదించుకున్నాక ఆయన ఒక మెట్టు దిగారు. ఒకవైపు బోసిగా ఉన్న ఆ డొక్కు స్కూలుకు సెలవులిచ్చేలోగా బండిలా కనిపిస్తే ఉంచుకోవచ్చు. లేకపోతే అమ్మకమే.

సుజాత నాకు ఫోను చేసింది.

"అన్నయ్య గారూ, ఆ కుడివైపుది మీరే చెయ్యాలి. ఆయన ఏం చెక్కారో నాకు తెలీదు. మీకు తోచినట్టు చెయ్యండి. బండి మాత్రం పోనివ్వకండి."

ఎడమవైపు ప్యానెల్ తెచ్చుకున్నాను. దాని మీద ముందు చక్రం వైపు చూస్తున్న చిలక. దాన్ని కాగితం మీదికి గీసుకుని, కాగితాన్ని చెక్కకు అంటించి, నాలుగు ఆదివారాలు చెక్కాను. తల విడిగా, గుండ్రంగా చెక్కి అతికించాను. అంతా అయ్యాక గోడకు ఆనించి చూసుకుంటే అసలు సంగతి అర్థమైంది. నేను కాగితం తిరగెయ్యడం మరిచిపోయాను. కుడివైపు బిగిస్తే చిలక వెనక చక్రాన్ని చూస్తుంది. నలభై రెండేళ్ళ వయసు, ఇంజనీరింగ్ డిగ్రీ.

మళ్ళీ చెక్కడానికి ఆరిన చెక్క లేదు. ఓపిక అసలే లేదు. తల ఊడదీసి, మెడ తిప్పి, ముందుకు చూసేలా పెట్టాను. రోడ్డు కుదుపులకు మక్కు ఒక్కటే ఆగదనిపించి, మెడలోకి ఒక చీల దించాలనుకున్నాను. ఇనుపదైతే చెక్క పగులుతుంది. మా ఆవిడ పారెయ్యబోతున్న ఆకుపచ్చ టూత్‌బ్రష్ కనిపించింది. దాని పిడి అంగుళం ముక్క కోసి మెడలో దించి, పైన మక్కు పూశాను.

"ఏవండీ, చిలక్కి పళ్ళు తోముతున్నారా?" అంది మా ఆవిడ.

రంగులు వేసి, ఆటోనగర్‌లో లక్కర్ కొట్టించాను. చీల సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అది చెప్పుకోదగ్గ సంగతీ కాదు.

సెలవులకు వారం ముందు చల్లపల్లి వెళ్ళి బిగించాను. సుజాత చాలాసేపు చూసింది.

"ఒళ్ళు వెనక్కీ, మొహం ముందుకీ ఉందేంటన్నయ్య గారూ?"

"అదే డిజైనమ్మా" అన్నాను.

రాఘవ అన్నగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి లోపలికి వెళ్ళిపోయారు. అది అంగీకారమే.

మా వైపు ఏటా వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేస్తారు. మే నెలలో సుజాత మళ్ళీ ఫోను చేసింది. "ఒక్కసారి రండి" అంది, అంతే. బస్సెక్కి వెళ్ళాను.

వరండాలో గోనెపట్టా మీద ఒక ప్యానెల్ ఉంది. లాకుల దగ్గర చెత్తలో ఇరుక్కుని ఉంటే అక్కడ తలుపులెత్తే లస్కరు చూసి, ఎవరిదో పోల్చుకుని తెచ్చిచ్చాడట. రంగులు పోయాయి. చెక్క నల్లబడింది. చిలక ఒళ్ళు వెనక్కి ఉంది. తల ముందుకు తిరిగి ఉంది.

వాడూ కాగితం తిరగెయ్యలేదన్నమాట అనుకున్నాను. ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు ఒకే తప్పు చేయడం వింత కాదు, సిలబస్ అలాంటిది. దాన్ని ఒకేలా సర్దుకోవడం కూడా, గట్టిగా ఆలోచిస్తే, వింతేమీ కాదు. ఇలా నాకు నేను నచ్చజెప్పుకుంటుండగా సుజాత దాన్ని చేతిలోకి తీసుకుంది. నానిపోయిన మక్కు వదిలేసి తల ఊడి వచ్చింది. మెడలో అంగుళం టూత్‌బ్రష్ పిడి.

నాది ఆకుపచ్చ, వాడిది నీలం. ఆ తేడా చూసి ఎంత ఊరట పడ్డానో చెప్పలేను. అది ఎక్కువసేపు నిలవలేదు. నా ముక్క సంగతి ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

"మీరిద్దరూ ముందే అనుకున్నారా?"

"లేదమ్మా."

"ఫోన్లో ఏవన్నా చెప్పారేమో?"

అక్కడే కూర్చుని పాత మెసేజిలన్నీ తీశాం. బండి పన్ను, ఎరువుల లారీ, ఎవరిదో పెళ్ళి. చిలక లేదు, బ్రష్ లేదు.

సుజాత ఆ నీలం ముక్కనే చూస్తోంది.

"ఆ వారం బ్రష్ ఏదండీ అంటే ఎలక ఎత్తుకుపోయిందన్నారు. ఎంత అబద్ధాలకోరండీ ఈ మనిషి!" అని నవ్వింది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను గేటు వైపు చూస్తూ కూర్చున్నాను.

గేటు చప్పుడై రాఘవ అన్నగారు వచ్చారంటే బండి కథ మళ్ళీ మొదటికొస్తుంది. కాలవలోంచి వచ్చినదాన్ని చూస్తే ఆయన ఆ సాయంత్రానికే బేరం పెడతారు.

"వాడు చేసింది బిగించమంటావా అమ్మా? శుభ్రం చేస్తే..."

"వద్దన్నయ్య గారూ. ఇది ఒకసారి వెళ్ళొచ్చింది. మళ్ళీ రోడ్డు మీదికి పంపను. మీరు చేసిందే ఉండనివ్వండి. బావగారికి మాత్రం చెప్పకండి."

ఆ ప్యానెల్‌నూ ఊడిన తలనూ తువ్వాలులో చుట్టి లోపల పెట్టి వచ్చింది.

ఒక్కో సంగతికీ విడిగా నా దగ్గర జవాబుంది. కాగితం ఎవరైనా మరిచిపోతారు. తల ఎవరైనా తిప్పుతారు. చీల అవసరం ఎవరికైనా తోస్తుంది, ఇంట్లో పాత బ్రష్ ఎవరికైనా దొరుకుతుంది. అన్నీ కలిపి చూస్తేనే జవాబు లేదు. అందుకే కలిపి చూడటం మానేశాను. అయినా అవి కలుస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం సుజాత నన్ను బస్టాండు దాకా ఆ బండి మీదే దింపింది. బాగానే నడుపుతోంది, గేరు మార్చేటప్పుడే కొంచెం కుదుపు. వెనక కూర్చున్న నాకు చిలక ముక్కు పిక్కకు ఆనుతోంది. అది ఎవరు చెక్కారని అడిగితే నేనే అని చెప్పగలను. ఎవరికి తోచింది అంటే మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.