జోడీ కోసం ఎల్సా

ఎల్సాకు కాలు ఒకచోట నిలవదు. సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో వాళ్లుండే అద్దె ఫ్లాట్‌లో ఆ శనివారం పొద్దుటినుంచీ వంటింటికీ బాల్కనీకీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో ఆ ప్రభువుకే తెలియాలి. చేతిలో ఫోను. టొమాష్ తనను జోడీగా తీసుకుంటాడా, లేదా? ఆ కబురు ఇవాళ రావాలి.

ఐస్ డాన్స్ అంటే ఇద్దరు కలిసి మంచు మీద చేసే నాట్యం. పెద్ద పోటీల్లో ఒంటరిగా దిగడానికి వీల్లేదు. చేసే అమ్మాయిలు బోలెడుమంది, అబ్బాయిలే దొరకరు. తొమ్మిదేళ్లప్పుడు ఎవరిదో పుట్టినరోజు పార్టీకని మంచు మీద స్కేటింగ్ చేసే రింకుకు వెళ్లి, ఇంటికి రానని మొండికేసిన పిల్ల ఎల్సా. పదిహేడేళ్లకు జూనియర్ పోటీల్లో రెండో స్థానం. మరుసటి నెలే జోడీ కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుకుంటానని చక్కా పోయాడు. అప్పటినుంచీ నాలుగేళ్లు, ఒకపక్క నర్సింగ్ చదువుతూనే, రింకులో ఒక్కతే గాలిని పట్టుకుని అడుగులు వేసింది. అదేం సాధన అండీ, పగవాళ్లకు కూడా వద్దు!

అలాంటప్పుడు ఊడిపడ్డాడు టొమాష్. చెక్ దేశం కుర్రాడు, ఒక సెమిస్టరు చదవడానికి సిడ్నీ వచ్చాడు. అతని పాత జోడీ మోకాలు పాడై మానేసింది. ఇక్కడ నచ్చిన అమ్మాయి దొరికితే తీసుకెళ్లి చెక్ జట్టు తరఫున దింపుతాడట. ఎనిమిదిమంది వరస కట్టారు. ఎత్తు కొలిచారు, భుజాలు చూశారు, అటు తిప్పారు, ఇటు తిప్పారు. అదంతా విని ఎల్సా తల్లి సువర్ణకుమారి ముక్కున వేలేసుకుంది.

"అయ్యబాబోయ్, మా నరసాపురం పెళ్లిచూపులే నయమే! ఓ పాట పాడమని ఊరుకునేవాళ్లు."

"మమ్మీ, స్టాప్ ఇట్! ఇది ట్రైఅవుట్."

మధ్యాహ్నం ఫోను మోగింది. మెసేజు చూసి ఎల్సా గెంతింది.

"మమ్మీ! హీ పిక్డ్ మీ! ఆగస్టులో వెళ్లిపోవాలి!"

ఆసుపత్రి డ్యూటీకి తల దువ్వుకుంటున్న సువర్ణకుమారి నవ్వింది. "సంతోషం తల్లీ. వాడికి నువ్వు నచ్చావు. మరి నీకు వాడు నచ్చాడా? నిన్నెవరూ అడగలేదుగా."

"నాకు నచ్చడమేంటి? ఐ నీడ్ ఎ పార్ట్‌నర్, అంతే!" అనేసింది గానీ మనసు కుదుటపడలేదు. మళ్లీ బాల్కనీకి వెళ్లింది, మళ్లీ వచ్చింది. ట్రైఅవుట్‌లో ఒక మలుపు దగ్గర ఆమె కాలు జారింది. అప్పటికి ఇద్దరూ చేతులు పట్టుకునే ఉన్నారు. టొమాష్ చటుక్కున చెయ్యి విదిలించుకుని, తన చుట్టు తాను పూర్తి చేసి, కోచ్ వంక చూసి నవ్వాడు. ఆ తర్వాతే ఆమె దగ్గరికి వచ్చాడు. బోర్లాపడ్డ ఎల్సా అదంతా చూసింది. వారంరోజులుగా చూడనట్టు తనను తాను మభ్యపెట్టుకుంటోంది. రేపొద్దున అతను ఆమెను గాల్లోకి ఎత్తి తిప్పాలి.

"మమ్మీ, నేను పడ్డప్పుడు వదిలేశాడు."

సువర్ణకుమారి దువ్వెన పక్కన పెట్టింది. "వద్దంటే ఇంకొకడు దొరుకుతాడో లేదో నేను చెప్పలేనమ్మా."

"దొరకడు. ఐ నో."

రానని రాయడానికి ఎల్సాకు గంట పట్టింది. పంపేశాక నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇరవై ఒక్కేళ్లకే పోటీలు అయిపోయాయి. డ్యూటీకి వేళ మించిపోతున్నా తల్లి కదల్లేదు, కూతురి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.