అవ్వ మోకాళ్లు, అమ్మవారి అనుమతి

మా అవ్వ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అన్నూరు ఇంట్లో వాకిలి నుంచి వంటింటి దాకా గోడ పట్టుకునే నడిచేది. కీళ్లు మార్చాలని కోయంబత్తూరు డాక్టరమ్మ చెప్పింది. అమ్మవారిని అడగనిదే కత్తి తగలకూడదని అవ్వ చెప్పింది.

అడగడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి విడివిడిగా ఆకులో పొట్లం కట్టి అమ్మవారి ముందు వేస్తారు. ఒకటి తీయాలి. తెలుపొస్తే సరే, ఎరుపొస్తే వద్దు. పొట్లాలు కట్టే పని చిన్నాయన తీసుకున్నాడు.

నేను పంపుల కంపెనీలో ఇంజనీరుని. గుడికి పోయే దారిలో కారులోనే అవ్వకు అన్నీ వరుసగా వివరించాను: మత్తు, చీము పట్టడం, రక్తం గడ్డకట్టడం, కొత్త కీలు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది. బేరింగు అరిగితే మార్చమా అని కూడా అన్నాను.

"నేనేమి మోటారునారా?" అంది.

పూజారి పొట్లాలు కలిపి వేశాడు. అవ్వ తీసినదాంట్లో తెల్లపువ్వు వచ్చింది. చిన్నాయన అందరికంటే ముందు చెంపలు వేసుకుని, రెండో పొట్లాన్ని జేబులో వేసుకోబోయాడు. అవ్వ లాక్కుంది.

"అమ్మవారి ముందర పెట్టింది, పారేస్తావా?" అని రెంటినీ కొంగున ముడేసుకుంది. చిన్నాయన ముఖం ఎందుకు పాలిపోయిందో నాకప్పుడు తెలియలేదు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ అవ్వను తమిళంలో అడిగింది, ఆపరేషన్ మీకిష్టమేనా అని. చిన్నాయన అందుకున్నాడు.

"అమ్మవారే సరేనందండీ."

"నేనడిగింది ఈమెను."

అవ్వ కొంగుముడి విప్పి రెండు పొట్లాలూ బల్ల మీద తెరిచి పెట్టింది. రెండింట్లోనూ వాడిన తెల్లపువ్వులే.

"చిన్నోడా, అమ్మవారినే ఏమారుస్తావా?" అంది తెలుగులో.

"నీ నొప్పి చూడలేకమ్మా..."

"దానికి నన్ను అడిగేది గదరా! నాకు నోరుండాది గదా?"

డాక్టరమ్మకు మాటలు అర్థమయ్యాయో లేదో గానీ, ఎక్స్‌రేని ముఖానికి అడ్డంగా ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత, మీరేమైనా తెలుసుకోవాలా అంది.

అవ్వ ఒక్కటే అడిగింది. కింద కూర్చుని కత్తిపీటతో కూరగాయలు తరుక్కోవచ్చా?

"కూడదమ్మా. ఇక కుర్చీలోనే."

కారులో నేను చెప్పిన వరుసలో అది లేదు. కూర్చున్న అవ్వను పైకి లేపడానికి ఇద్దరం పట్టాలి, అయినా రోజూ కిందే కూర్చునేది.

తొందర లేదు, ఆలోచించి చెప్పమంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక అవ్వ అమ్మవారి జోలికి పోలేదు. కుర్చీలో కూర్చుని, బల్ల మీద చాకుతో తరగడం మొదలుపెట్టింది. పొట్లకాయ ముక్కలు ఇటుకల్లా వచ్చేవి. చిన్నాయన వంక పెట్టకుండా రెండోసారి కూడా వడ్డించుకుని తినేవాడు. ముక్కలు కొంచెం కొంచెంగా చిన్నవయ్యాయి.

ఒక ఉదయం బీన్సు తరుగుతూ అంది: "సరే, చేసుకొంటాను. ముందర ఒక కాలు. అది మాట వింటే అప్పురం రెండోది."

చిన్నాయనకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకొక తడవ పువ్వు అడిగేద్దామా అమ్మా? ఈసారి నిజంగానే ఒకటి ఎర్రది పెడతాను."

"ఏంటికిరా? ఆమెకేమన్నా మోకాళ్ల నొప్పి ఉండాదా?"