గుడ్డ కట్టిన సొరకాయ

టైలరమ్మకి కోపం వస్తే కుట్టుమిషను చప్పుడులోనే తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో అది గుర్రంలా నడుస్తుంది. కోపం వచ్చిన రోజు గాడిదలా తన్నుతుంది. ఆ ఉదయం మాత్రం అసలు చప్పుడే లేదు. సగం కుట్టిన జాకెట్టును సూది కిందే వదిలేసి, ఆవిడ పెరట్లో సొరతీగ కింద నిలబడింది. తీగకు కోసిన తొడిమ ఒక్కటే వేలాడుతోంది. కింద మట్టిలో ఎర్రగుడ్డ పీలిక పడి ఉంది.

పెరడంటే పెద్దదేమీ కాదు. మంచం వాలిస్తే ఇక మనిషి తిరగడానికి చోటుండదు. అయినా ఎండాకాలంలో సైతం ఇంటికి సరిపడా కూరలు అందులోంచే వచ్చేవి. ఆవిడ పెంకి మొక్కల జోలికి పోదు. "బతిమాలితే గానీ కాయని మొక్క నాకెందుకు? బతిమాలడానికి ఇంట్లో ఒకరున్నారు, చాలు" అనేది. తుంచినకొద్దీ చిగురించే బచ్చలి, కొమ్మ గుచ్చితే చెట్టయ్యే మునగ, పగిలిన బకెట్లలో బెండ, సిమెంటు సంచిలో చిలగడదుంప, స్నానాలగది రేకుల మీదికి పాకిన సొర. బియ్యం కడిగిన నీళ్ళూ, కూరల తొక్కలూ తప్ప వాటికి వేరే పోషణ లేదు.

సొర సంగతి వేరు. కొట్లో కొన్న గింజలు తీగలయ్యేవి గానీ, ఎండలు ముదరగానే పిందెలు రాల్చేసేవి. ఈ రకం ఒక్కటే ఎండ మండేకొద్దీ కాసేది. దాచిన గింజల్ని పోయినేడు ఎలుకలు తినేయగా, డబ్బా అడుగున మిగిలిన ఒకే ఒక్క గింజ ఈ తీగ అయింది. అందుకే వంకర లేని కాయ ఒకటి చూసి, ఎర్రగుడ్డ కట్టి, విత్తనానికి వదిలేసింది. అది తీగ మీదే ముదిరి ఎండాలి. ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే మళ్ళీ ఏటికి తీగ.

భర్త రిటైరైన బస్సు కండక్టరు. టికెట్లు చించి ఇచ్చిన చెయ్యి ఊరికే ఉండదు. గోడ పక్కన ఎవరు నిలబడ్డా ఏదో ఒకటి కోసిచ్చి, "మా తోటదేనండీ" అనేవాడు. ఆ తోటకి ఒక్క చెంబు నీళ్ళు పోసిన పాపాన మాత్రం పోలేదు.

"గుడ్డ కట్టిన కాయేదీ?" అంది టైలరమ్మ.

"అదా? పక్కింటి చెల్లెమ్మకిచ్చా. చుట్టాలొచ్చారట పాపం." ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "మంచిదని నువ్వే గుర్తు పెట్టావుగా! ఇచ్చేటప్పుడు మంచిదే ఇవ్వాలి."

"సొరకాయ కోతలు కోసేవాళ్ళని చూశాను గానీ, పెళ్ళాం గొంతు కోసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఉద్యోగమంతా బస్సులోనే చేశారే, సీటు మీద జేబురుమాలుంటే ఏంటర్థం?"

"ఎవరో పట్టుకున్నారు, ఇంకెవరూ కూర్చోకూడదని."

"మరి కాయకి గుడ్డ కడితే?"

కండక్టరు చేతిలో పేపరు కిందికి దించాడు.

ఆవిడ చెప్పులైనా తొడుక్కోకుండా పక్కింటికి వెళ్ళింది.

"రా వదినా! ఏమనుకోకు గానీ, అన్నయ్యగారిచ్చిన కాయ చెక్కే. కత్తి దిగితే ఒట్టు! తొక్కలబుట్టలో పడేశా. ఈసారి కాస్త లేతది ఇమ్మను."

ఈసారి! టైలరమ్మ బుట్టలో చెయ్యి పెట్టింది. ముక్కలు తీసి, గింజల్ని ఒక్కొక్కటిగా గోటితో నొక్కింది. ప్రతిదీ మెత్తగా చితికి పాలు కారింది. తోలు ముదిరింది గానీ గింజ ఇంకా ముదరలేదు.

తిరిగొచ్చి స్టూలెక్కి తీగంతా వెతికింది. రేకుల చివర, ఎండిన పువ్వు ఇంకా ఊడని పిందె ఒకటుంది, బొటనవేలంత. అది నిలుస్తుందో రాలుతుందో ఎవరూ చెప్పలేరు. స్టూలు దిగి బీరువా తెరిచి, ఆయన ముదురు ఎర్ర చొక్కా లాగి, కత్తెర అందుకుంది.

"అయ్యో, అది నా పెళ్ళిళ్ళ చొక్కా!"

"ఇచ్చేటప్పుడు మంచిదే ఇవ్వాలిగా."

చొక్కా పీలికలైంది. మొదటిది పిందె పక్కన తీగకి, తర్వాతవి బెండకాయలకి, మునక్కాడలకి, చివరికి బచ్చలి చిగురుకి కూడా కట్టేసింది. "ఆ పిందె ఎండి, గింజ గలగలమనేదాకా నాతో మాట్లాడకండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గోడవతల నుంచి పక్కింటావిడ, "అన్నయ్యగారూ, నాలుగు మునక్కాడలుంటే..." అంది. కండక్టరు ఎర్రగా రెపరెపలాడుతున్న పెరటిని చూశాడు. కిటికీ వెనక మిషను గాడిదలా తన్నుతోంది.

"సీట్లు లేవమ్మా. అన్నీ రిజర్వుడే."

మిషను జోరు తగ్గలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన తీగ మొదట్లో చెంబుడు నీళ్ళు పోయసాగాడు. పిందె నిలిచింది. చెంబంత అయింది, బిందెంత అయింది, రంగు మారింది. ఆయన రోజూ స్టూలెక్కి దానికి చెవి ఆనించేవాడు. లోపలి నుంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. ఒకరోజు ఓపిక పట్టలేక, తట్టి చూద్దామని చెయ్యి వేశాడు.

మిషను టక్కున ఆగింది.

"చెయ్యి తీయండి!" అని ఇన్నాళ్ళకి కిటికీలోంచి టైలరమ్మ కేక వినిపించింది.