కొండలోకి పోయిన మూడు బండ్లు

మా కుర్రతనంలో నంద్యాల వాళ్ళకు రైలంటే ఎక్కే వస్తువు కంటే ఎదురుచూసే వస్తువు. అప్పట్లో మాది మీటరుగేజి. ఇప్పటి వాళ్ళు మంచం మీద పడుకొని, ఫోను మీద వేలు రాసి, బండి ఏ ఊరి దగ్గర ఉందో తెలుసుకుంటున్నారు. పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునిగినట్టు అరుస్తున్నారు. మేము ప్లాట్‌ఫారం మీద సద్దిమూట విప్పి, తిని, కడుక్కొని, ఒక కునుకు తీసి, లేచి, “ఇంకా రాలేదంటనా?” అని ఎంతో తృప్తిగా అడిగేవాళ్ళం. అలాంటి రోజుల్లో నేను స్వయంగా ఒక రైల్వే కట్టాను. నవ్వకండి. పట్టాలు, ఇంజన్లు, కొండ, గుహ, అన్నీ ఉన్న రైల్వే. కాకపోతే మొత్తం కలిపి ఒక తలుపు చెక్క మీద పట్టేది.

నా చదువు ఎనిమిదో తరగతి, అదీ తప్పిన ఎనిమిది. (తప్పించిన ఎనిమిది అనడం న్యాయం. ఆ లెక్కల పేపరు ఈరోజు ఎవరి ముందు పెట్టినా సరే, నాకు పాసు మార్కులు వస్తాయి.) ఆ తర్వాత ఒక రేడియో రిపేరు షాపులో చేరాను. షాపు యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది, నేనూ అదే అనేవాణ్ణి. ఒకరోజు పాత కాగితాల కొట్లో ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. బొమ్మ రైళ్ళ మీద పుస్తకం! పెద్దవాళ్ళు, మీసాలున్నవాళ్ళు, టైలు కట్టుకున్నవాళ్ళు బొమ్మ రైళ్ళు ఆడుకుంటున్న ఫొటోలు. డిక్షనరీ పక్కన పెట్టుకొని రోజుకు అర పేజీ చొప్పున చదివాను. విరిగిన టేప్‌రికార్డర్ల మోటార్లతో ఇంజన్లు, నూనె డబ్బాల రేకు కత్తిరించి పట్టాలు. ఉస్తాద్ ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి, “నీకు పెండ్లి చేసినా ఇంత కుశీ పడవు మియా” అన్నాడు.

షాపు బల్ల మీద చిన్న వలయంలో నా బండి తిరుగుతుండగా ఒకరోజు హెడ్‌మాస్టరు సారు తన ట్రాన్సిస్టరు పట్టుకొని వచ్చాడు. నన్ను ఎనిమిదిలో తప్పించిన మహానుభావుడు ఆయనే. కళ్ళజోడు ఎత్తి బండిని చూశాడు, నన్ను చూశాడు.

“నువ్వే చేసినావా అప్పా?”

“ఇంకెవరు చేస్తారు సార్, ఎనిమిది పాసైనోళ్ళు చేస్తారా?” అన్నాను. (నోరు అప్పుడూ ఇంతే.)

ఆయన బడిలో సైన్సు ల్యాబుకు అటెండరు కావాలనీ, చదువు కంటే చెయ్యి తిరిగినవాడు కావాలనీ చెప్పాడు. “వచ్చే నెల మొదటి ఆదివారం మీ ఇంటికాడికొచ్చి సూస్తా. కానీ ఇట్ల గుండ్రంగా తిరిగే బొమ్మ తిర్నాళ్ళలో గూడా దొరుకుతాది. ఇంకేమన్నా ఉండల్ల.”

నెలజీతం, తెల్లచొక్కా, అన్నిటికీ మించి, నన్ను గెంటేసిన గేటులోంచే లోపలికి నడవడం! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “తిరిగే బొమ్మ” అన్న మాట చెవిలో జోరీగలాగా తిరిగింది.

దానికి మందు నా ఇంగ్లీషు పుస్తకంలోనే ఉంది. అందులోని మీసాల పెద్దమనుషులు ఏం చెప్పారంటే, జాగా తక్కువైనప్పుడు బండి కళ్ళ ముందే గానుగెద్దులా తిరిగితే అది రైల్వే కాదు. బండి ఎక్కడినుంచో రావాలి, ఎక్కడికో పోవాలి. అందుకని వెనక ఒక కొండ పెట్టి, దాని కడుపులో చూసేవాళ్ళకు కనబడకుండా కొన్ని పట్టాలు వేయాలి. బండ్లు అక్కడ దాక్కొని ఉంటాయి. ఒకటి ఎడమ గుహలోకి పోతుంది, కాసేపటికి కుడి గుహలోంచి వేరే బండి వస్తుంది. చూసేవాడు గుంతకల్లు బండి పోయింది, గుంటూరు బండి వచ్చింది అనుకుంటాడు. నేను వాటికి దాపుడు లైన్లు అని పేరు పెట్టాను. మా ఇంట్లో నాకు దక్కిన జాగా వడ్ల మూటల గది. మూటల మధ్య మనిషి అడ్డంగా నడవాలి. అందులోనే మూడు దాపుడు లైన్లు, లైనుకో స్విచ్చు, బండిని ముందర తిప్పాలా, కొండలోకి పంపాలా అని తేల్చే ఒక మీట, అన్నీ అమర్చాను. కొండ మాత్రం మిగిలింది.

పాత పేపర్లూ మైదాపిండీ కలిపి కొండ చేయమంది పుస్తకం. ఆ మాట అక్కడితో వదిలేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆళ్ళగడ్డ పోయినప్పుడు మా మేనమామతో అన్నాను. ఆయన శిల్పి, గుళ్ళకు విగ్రహాలు చెక్కుతాడు. ఉలి పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఏందీ? మైదాపిండితో కొండనా? రేయ్ అల్లుడా, నీ మేనమామ సచ్చినాడనుకున్యావా?”

“బొమ్మ కొండే గదా మామా.”

“బొమ్మలు చెక్కేటోనితోనేనా ఆ మాట? మూల ఇరిగిన పీఠం ఒకటి పడుండాది. నల్లమల చెక్కి ఇస్తా సూడు. గుహలు ఎంత ఎత్తుండల్లో చెప్పు సాలు.”

మా మామ చెక్కాడు. నల్లరాతి నల్లమల! లోపల తొలిచి, అటో గుహ, ఇటో గుహ పెట్టి, చెట్లు చెక్కి, మెట్లు చెక్కి, ఆపుకోలేక పైన బొటనవేలంత నరసింహస్వామిని కూడా చెక్కాడు. నలుగురు కలిసి బస్సు టాపు మీదికి ఎక్కించారు. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోయి, స్వామిని చూసి చెంపలేసుకున్నాడు. అహోబిలం నుంచి వస్తున్న భక్తులు దారి పొడవునా నాకు అరటిపండ్లు ఇచ్చారు. ఇంటికొచ్చాక తలుపు చెక్క ఆ బరువు మోయలేదని తేలింది. ఇటుకలు పేర్చి, నాపరాయి బండ పరిచి, పట్టాలన్నీ మళ్ళీ వేసి, కొండను కూర్చోబెట్టాం. ఉస్తాద్ వచ్చి గుహలోకి తొంగిచూసి, “లోపల బండి పడిపోతే యాడనుంచి తీస్తావ్ బేటా? చెయ్యి పట్టే సందు ఉండల్ల గదా” అన్నాడు. నా బండ్లు పడవు అన్నాను. (పుస్తకంలో కూడా ఆ సంగతే రాసి ఉందని తర్వాత తెలిసింది. అది నేనింకా చేరని అర పేజీ.)

శనివారం మూడు బండ్లూ పదిసార్లు పోయొచ్చాయి. ఆదివారం పొద్దున నేను తెల్లచొక్కా ఇస్త్రీకి వెళ్ళినప్పుడు, మా అమ్మ స్నానం చేసి, కొండకు పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి, మెట్ల మీద టెంకాయ కొట్టింది. కొడుక్కి ఉద్యోగం రావాలని! ఏ తల్లి కొట్టదు చెప్పండి?

సారు వచ్చాడు. మామ ఆళ్ళగడ్డ నుంచి కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. ఉస్తాద్ మూట మీద కూర్చున్నాడు. ఒకటో స్విచ్చు వేశాను. కుడి గుహలోంచి గూడ్సు బండి వచ్చింది, ముందర తిరిగింది, ఎడమ గుహలోకి పోయింది. లోపల టక్ అని చిన్న చప్పుడు. రెండో స్విచ్చు. గుంటూరు బండి! సారు ముందుకు వంగాడు. “ఓహో, ఇది వేరే బండి గదా!” అదీ లోపలికి పోయింది. మళ్ళీ టక్. మూడో స్విచ్చుకు గుంతకల్లు బండి వచ్చి ముందర తిరుగుతుండగా, నేను ఒకటో లైను స్విచ్చు మళ్ళీ వేసి చూశాను. లోపల బండి కదిలిన చప్పుడు లేదు. రెండోది, ఉహూఁ.

“మొదటి బండి యాడికి పాయె అప్పా?” అన్నాడు సారు.

“మామా, కొండ ఎత్తల్ల. ఒక చెయ్యి ఎయ్యి” అన్నాను.

“ఎత్తేదేందిరా?” గడప దగ్గర్నుంచి మా అమ్మ కేక. “పొద్దున్నే పూజ చేసినా. కూసోబెట్టిన స్వామిని కదిలిస్తావా?”

“ప్రతిష్ఠ అయినంక కదిలించగూడదు” అన్నాడు మామ, శాస్త్రం తెలిసినవాడు కనుక.

“అది బొమ్మ మామా!”

“మళ్ళీ బొమ్మంటాండాడు సూడక్కా!”

సారు అప్పుడే కుంకుమ చూశాడు. గబుక్కున చెప్పులు వదిలి దండం పెట్టాడు. నాతో ఎంతో నెమ్మదిగా అన్నాడు: “వద్దులే నాయనా, స్వామి జోలికి పోవద్దు. ఈ ఒక్క బండి సాలు. ముందరే తిప్పు. పనితనం తెలుస్తానే ఉండాది. రేపొచ్చి కలువు.”

వినండి. ఉద్యోగం వచ్చేసింది. నేను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. బండి దాని పాటికది తిరుగుతోంది. కానీ ముందరే తిప్పడమంటే? తిరిగే బొమ్మ! ఆయన అన్న మాటే! ఆ పుస్తకాన్ని డిక్షనరీతో నమిలింది ఇందుకేనా? మూడో లైను ఖాళీగానే ఉంది కదా, పోతుంది, వస్తుంది, అప్పుడు తెలుస్తుంది ఈయనకు ఎవర్ని తప్పించాడో అనుకున్నాను. “ఒక్క నిమిషం సార్” అని మీట తిప్పాను.

గుంతకల్లు బండి ఎడమ గుహలోకి ఠీవిగా పోయింది. టక్.

నలుగురూ కుడి గుహ వంక చూస్తూ కూర్చున్నారు. నంద్యాల వాళ్ళు కదా, కూర్చోవడం తెలుసు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. టీ అయింది. ఉస్తాద్ పైకి చూసి “యా అల్లా” అన్నాడు. సారు లేచి, దేవుడికి మళ్ళీ ఒక దండం పెట్టి, చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

“చేతిలో పని ఉండాదప్పా నీకు. సాలు అంటే ఆగే గుణమే లేదు. ల్యాబులో యాసిడ్ ఉంటాది నాయనా.”

అంతే. వెళ్ళిపోయాడు. ఆయన పోయాక సైకిలు ఊచ వంచి ఎడమ గుహలో కెలికితే, పొద్దున అమ్మ కొట్టినప్పుడు ఎగిరి పట్టాల మీద పడిన టెంకాయ చిప్ప ముక్క ఒకటి వచ్చింది. ఇదీ దొంగ అని అందరికీ చూపించాను. అమ్మ దాన్ని కళ్ళకద్దుకొని, ప్రసాదమని ఉస్తాద్‌తో సహా అందరికీ తలా ఇంత గోటితో గీకి పెట్టింది. బండ్లు మాత్రం రాలేదు. అమ్మ కొండ ఎత్తనివ్వలేదు. బండ్లు కడుపులో ఉండగానే ఆ కొండకు ఏడాదికోసారి పూజ జరిగేది.

ఆ ఉద్యోగం పోయినందుకు నేను ముప్పయ్యేళ్ళు టెంకాయను తిట్టాను, మామను తిట్టాను, అమ్మతో వాదించాను, సారు బజారులో కనబడితే పక్క సందులోకి తిరిగాను. రేడియోలు, టేపులు, టీవీలు బాగుచేస్తూ బతికాను, బాగానే బతికాను. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు, తిట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను. సారు అన్నది నిజమేనని ఒప్పుకుంటున్నాను. (ఇది మీకు మాత్రమే. మా ఇంట్లో చెప్పకండి.)

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ ఆదివారంలోకి పోయి కూర్చుంటాను. సారు “సాలు” అంటాడు. నేను బుద్ధిగా చేతులు కట్టుకుంటాను. బండి ముందర ఒక చుట్టు తిరుగుతుంది. రెండో చుట్టు తిరుగుతుంది. జీతం, చొక్కా, బడి గేటు, అన్నీ కనబడతాయి. మూడో చుట్టుకు మాత్రం, ఏం చెప్పమంటారు, చెయ్యి మీట మీద పడుతుంది.