వాన కథకు అడ్డం పడే దగ్గు

సోమప్పకు పుస్తకం తెరిస్తేనే దగ్గు. ఎర్రమట్టి సుడిగాలి లేచినా రాదు, పక్కింట్లో మిరపకాయలు వేయించినా రాదు. తనకల్లు దగ్గరి ఆ ఊళ్లో వానలు మొండికేసిన ప్రతి ఏడూ భజనగుడిలో పాత కథల పుస్తకం చదివిస్తారు. అక్షరం పొల్లుపోకుండా చదివితే వాన పడుతుందని నమ్మకం. చదివేది సోమప్ప. గొంతు బంగారమే గానీ, కథ మంచి పట్టులో ఉండగా ఖళ్లుఖళ్లుమని పైకప్పు అదిరేలా దగ్గుతాడు.

"ఫోన్లో వాన మోడం బొమ్మ కనపడతాది, నువ్వు దగ్గుతానే మాయమైతాది. నీ దెబ్బకు మోడాలన్నీ కర్ణాటకకు పారిపోతాండాయప్పా!" అనేవాడు రేషన్ డీలరు శశికుమార్.

ఆ దగ్గు కుదర్చాలని పంతం పట్టింది రామసుబ్బమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఒంటరిది. పగలంతా మాట్లాడితే మేకతో మాట్లాడాలి, లేదా పొయ్యితో. నలుగురి మధ్య కూర్చునేది ఈ సాయంత్రాలే, అదీ స్తంభం చాటున. రోజూ చెంబుడు మిరియాల కషాయం కాచి తెచ్చేది.

"తాగు సోమన్నా, గొంతు సాపైతాది."

ఆముదం పట్టించినట్టు మొహం పెట్టి తాగేవాడు.

"తగ్గిందా?"

"యాడమ్మా! ఇంగా ముదిరింది."

ఒకరోజు సోమప్ప కదిరిలో పన్ను పీకించుకుని, నోటినిండా దూదితో వచ్చాడు. ఇదే సందని శశికుమార్ మైకు అందుకున్నాడు.

"ఈపొద్దు ఒగ అచ్చరం గూడా పోనీను, సూడండి!"

గడగడా చదివేస్తున్నాడు. రాజు దండయాత్రకు బయలుదేరాడు. "అంతట కోటవాకిట ఒక విధవ ఎదురయ్యెను. ఆ పాపిష్టి ముఖము చూచినవానికి..."

శశికుమార్ ఆగిపోయాడు. తలలన్నీ స్తంభం వైపు తిరిగాయి. ఇన్నేళ్లూ రామసుబ్బమ్మ విన్న కథలో ఆ రాజుకు ఎవరూ ఎదురుకాలేదు. సరిగ్గా అక్కడే సోమప్పకు దగ్గు వచ్చేది. ఆమెకు ప్రాణం చచ్చిపోయింది. ఇక ఈ గుడి మెట్లెక్కకూడదనుకుంటూ చెంబు తీసుకుని లేచింది. ఇంటికి పోతే మళ్లీ ఆ మేక, ఆ పొయ్యి.

"సదువప్పా! ఆపితే వానెట్లొస్తాది?" అన్నాడు వెనకనుంచి తిమ్మన్న.

శశికుమార్ గొంతు సవరించుకున్నాడు. "చూచినవానికి..."

ఖళ్లు! ఖళ్లు! సోమప్ప నోట్లోని దూది ఎగిరి మైకు మీద పడింది. బుగ్గ పట్టుకుని, కళ్లనీళ్లు కారుతున్నా, శశికుమార్ నోరు తెరిచినప్పుడల్లా దగ్గాడు.

"ఏమప్పా, పన్ను పీకితే దగ్గొస్తాదా?" అన్నాడు శశికుమార్.

"ఆ మాట పుస్తకం రాసినోళ్ల కాలంది. మన కాలం వానకు అది అక్కర్లేదులే. పేజీ తిప్పు!" అన్నాడు సోమప్ప.

శశికుమార్ తిప్పాడు. గడప దాటబోయిన రామసుబ్బమ్మ అక్కడే కూలబడింది. తనకోసం ఒక మనిషి ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నాడని తెలిసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడూ చెంబు వచ్చింది. సోమప్ప కళ్లు గట్టిగా మూసుకుని గుటక వేశాడు. తియ్యగా ఉంది.

"ఇదేందమ్మా, మిరియాలు యాడ?"

"బెల్లం పానకమన్నా. నీ దగ్గు తగ్గితే ఎట్ల? కథ ఇంగా శానా ఉండాది" అంది రామసుబ్బమ్మ, స్తంభానికి ఇవతల కూర్చుంటూ.